పెద్దోడి సోమవారం మేత

సోమవారం ఉదయం 9.05కి పెద్దోడు చచ్చిపోయాడు.

పెద్దోడంటే ఎద్దు. ఎద్దే కదా అని ఆళ్లగడ్డలో ఓబులేసు ముందు అని చూడండి, పళ్లు చేతికొస్తాయి. బండలాగుడు పోటీల్లో పెద్దోడు, చిన్నోడు జత నాలుగేళ్లుగా ఓడిందే లేదు. ఆ జత బరిలోకి దిగిందంటే మిగతా వాళ్లు రెండో బహుమతి కోసమే పంచెలు ఎగ్గట్టేవాళ్లు.

అంతటి ఎద్దు కొట్టంలో కట్టుగొయ్య దగ్గరే కూలిపోయింది. యజమాని కళ్లారా చూస్తుండగానే కూలిపోయింది.

చూస్తున్న యజమాని మాత్రం అక్కడ లేడు. కొట్టం అహోబిలం రోడ్డులో, పొలంలో ఉంది. ఓబులేసు అక్కడికి ఏడు కిలోమీటర్ల దూరంలో, ఆళ్లగడ్డ ఇంట్లో మంచం మీద ఉన్నాడు. డిసెంబరులో తుంటి ఎముక విరిగింది. అప్పటి నుంచి మంచం దిగలేదు. ఎద్దులను చూడకుండా ఉండలేక కొట్టంలో కెమెరా పెట్టించాడు. మంచానికి ఎదురుగా గోడకు పెద్ద టీవీ బిగించాడు. తెల్లారింది మొదలు ఆయన చూసేది ఆ ఒక్కటే. ఇంట్లో ఫోన్ పట్టుకుని మాట్లాడితే కొట్టంలో కెమెరా స్పీకరులో వినిపిస్తుంది. ఎద్దుల కాపరి హుస్సేన్ వలిని ఆయన పొద్దస్తమానం అందులోనే తిడుతుంటాడు.

ఉదయం 10.20కి ఎస్.ఐ. యోబు కొట్టం దగ్గర జీపు దిగాడు. మే నెల ఎండ అప్పటికే చుర్రుమంటోంది.

కంప్లైంట్ ఇచ్చింది శ్రీకాంత్. ఓబులేసు తమ్ముడి కొడుకు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, వెనక నలుగురు మనుషులు. హుస్సేన్ వలిని అప్పటికే గుంజకు కట్టేసి ఉంచారు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

యోబు ముందు కట్లు విప్పించాడు. శ్రీకాంత్‌కు అది నచ్చలేదు. నచ్చకపోతే నాకేం అన్నట్టు యోబు అతన్ని పక్కకు జరిపి, ఫుటేజ్ చూపించమన్నాడు.

ఫోన్‌లో ఫుటేజ్ స్పష్టంగా ఉంది.

7.42. హుస్సేన్ వలి ఒక గోతం భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు.

8.10. గోతం విప్పి రెండు గాడుల్లోనూ పచ్చి మేత పోశాడు. ఎద్దులు ముట్టలేదు. తలెత్తి కెమెరా వైపు చూస్తూ నిలబడ్డాయి.

8.14. స్పీకరులో ఓబులేసు గొంతు వినిపించింది. "తిను నాయనా." రెండూ ఒకేసారి గాడిలో మూతి పెట్టాయి.

8.41. పెద్దోడు తూలాడు. ముందుకాళ్లు మడతపడ్డాయి. హుస్సేన్ వలి పరిగెత్తుకొచ్చి చిన్నోడి మూతి కింద నుంచి మేత లాగేశాడు.

8.43. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. 9.05కి పెద్దోడి డొక్క ఎగరడం ఆగిపోయింది.

పొద్దుటి నుంచి అప్పటిదాకా ఆ కొట్టంలోకి ఇంకో మనిషి అడుగు పెట్టలేదు.

"ఇంకేం కావాలి సార్? రిమాండుకు పంపండి" అన్నాడు శ్రీకాంత్.

మూతి ముందు మేత పోసినా ఎద్దులు ఎందుకు తినలేదని యోబు అడిగాడు. అది తెలియని వాళ్లు ఈ చుట్టుపక్కల ఉండరని శ్రీకాంత్ వెటకారంగా చెప్పాడు. పోటీ ఎద్దులకు గిట్టనివాళ్లు మందు పెడతారు. అందుకని ఓబులేసు ఆ రెండింటినీ కోడెలుగా ఉన్నప్పుడే తన గొంతుకు అలవాటు చేసి మరిపాడు. ఆయన తిను అంటే తింటాయి. ఆయన నిలబడు అంటే నిలబడతాయి. ఇంకెవరు గొంతు చించుకున్నా వినవు. మేతను చేత్తో పట్టి, వాసన చూసి, కొరికి చూసి, అప్పుడే ఆయన తిను అనేవాడు. మంచాన పడ్డాక స్పీకరులో అంటున్నాడు.

యోబు హుస్సేన్ వలిని నీడలోకి తీసుకెళ్లాడు.

"మేత ఎవరేసినారు?"

"నేనే సార్."

"దాంట్లో ఏం కలిపినావు?"

"ఏం కలపలేదు."

"ఆ గోతం యాడ నుంచి వచ్చింది?"

హుస్సేన్ వలి నేల చూశాడు. అంతవరకూ తడుముకోకుండా చెప్పిన మనిషి ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"నేనే వేసినా సార్. నన్ను తీసుకపోండి. ఇంకేం అడగొద్దు."

యోబుకు చిర్రెత్తుకొచ్చింది. పదకొండేళ్ల సర్వీసులో అబద్ధం చెప్పినవాళ్లను చూశాడు, నిజం చెప్పినవాళ్లను చూశాడు. జైలుకు పోతానని బతిమాలేవాణ్ణి చూడ్డం ఇదే మొదలు. ఇతనికి పెళ్లాం లాల్‌బీ, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. వీడు లోపలికి పోతే ఆ ముగ్గురి గతి ఏంటి?

పశువుల డాక్టర్ నిలోఫర్ 9.20కే వచ్చి చిన్నోడికి ఇంజెక్షన్లు ఇచ్చింది. చిన్నోడు గట్టెక్కాడు. పెద్దోడి నెత్తురు మామూలు కంటే బాగా ఎర్రగా ఉందని, అది పురుగుల మందు లక్షణం కాదని ఆమె యోబుకు చెప్పింది. పొట్టలో ఉన్నది పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేనంది. రేపు మధ్యాహ్నానికి చెబుతానంది.

వెళ్లబోతూ యోబు కొట్టమంతా ఒకసారి తిరిగాడు. ఒక మూల సిమెంటు దిమ్మ, దాని మీద నాలుగు బోల్టులు కనిపించాయి. బోల్టుల మీద ఏమీ లేదు. మేత తరిగే మిషను మోటారు కాలిపోయిందని, గురువారం నంద్యాలకు వైండింగుకు పంపామని హుస్సేన్ వలి చెప్పాడు.

యోబు ఆ బోల్టుల వైపు కాసేపు చూసి, హుస్సేన్ వలిని స్టేషనుకు పంపి, జీపు ఎక్కాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆళ్లగడ్డలో ఓబులేసు ఇల్లు.

మనిషి మంచం మీద ఉన్నా గొంతు మాత్రం లేచి నిలబడింది. ఓబులేసుకు అరవై రెండేళ్లు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. ఎదురుగా టీవీలో చిన్నోడు ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

"వాణ్ణి నాకు ఒక్క గంట అప్పజెప్పు సారూ. నీకు కోర్టు పని లేకుండా చేస్తా."

హుస్సేన్ వలి మీద అంత అనుమానం ఎందుకని యోబు అడిగాడు. పోయిన నెల అందరి ముందూ స్పీకరులో తిట్టానని, ఆ కెమెరా కన్ను ఒకరోజు పగలగొడతానని వాడు లాల్‌బీతో అన్నాడని ఓబులేసు చెప్పాడు. మేత వేసింది వాడు, పగ ఉన్నది వాడికి, ఇంకా విచారించేకి ఏముందని రంకె వేశాడు. రేపు సాయంత్రంలోగా వాణ్ణి జైలుకు పంపకపోతే శ్రీకాంత్ మనుషులే చూసుకుంటారని పోలీసు ముఖం మీదే చెప్పాడు.

ఓబులేసు భార్య ఉమామహేశ్వరమ్మ మజ్జిగ తెచ్చింది. సన్నటి మనిషి. గోడ మీద దండ వేసిన ఫొటో ఉంది, పాతికేళ్లు కూడా లేని కుర్రాడు. ఎవరని యోబు అడిగాడు. తమ ఒక్కగానొక్క కొడుకు కిరణ్ అని, పోయి మూడేళ్లయిందని ఆమె చెప్పింది. ఓబులేసు టీవీ వైపు తల తిప్పేసుకున్నాడు.

ఆమె గుమ్మం దగ్గర కింద కూర్చుంది. టీవీకి వీపు పెట్టి కూర్చుంది.

చేతులు కడుక్కుంటానని యోబు పెరట్లోకి వెళ్లాడు. అక్కడ ఒక పాడి గేదె, పక్కన చేత్తో తిప్పే మేత చక్రం, గోడ అవతల అరెకరం జొన్న చేను. మార్చిలో కోసేసిన చేను. ఈ నెల మొదటి వారంలో పడ్డ వానకు మోళ్ల నుంచి పిలకలు పచ్చగా లేచాయి. మధ్యలో ఒక పట్టె మాత్రం కొత్తగా కోసినట్టుంది. యోబు మేత చక్రం మీదికి వంగి, కత్తి సందులో నుంచి ఏదో తీసి, కర్చీఫులో మడిచి జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం స్టేషన్‌లో కూర్చుని నాలుగు రోజుల ఫుటేజ్ చూశాడు. పొద్దుటి మేత, సాయంత్రం మేత. శుక్రవారం నుంచి సోమవారం దాకా.

మంగళవారం మధ్యాహ్నం 1.15కి డాక్టర్ నిలోఫర్ ఫోన్ చేసింది. సాయంత్రం నాలుగింటికి ఆళ్లగడ్డ ఇంటికి రమ్మని ఆమెకు చెప్పి, యోబు హుస్సేన్ వలిని జీపు ఎక్కించాడు.

నాలుగింటికి గది నిండింది. మంచం మీద ఓబులేసు. తలవైపు శ్రీకాంత్. గోడకు ఆనుకుని హుస్సేన్ వలి. కుర్చీలో డాక్టర్. గుమ్మం దగ్గర, నిన్నటి చోటే, ఉమామహేశ్వరమ్మ.

యోబు సుత్తి లేకుండా మొదలుపెట్టాడు.

"పెద్దోడికి ఎవరూ మందు కలపలేదు. మేతే మందు. డాక్టరమ్మా, చెప్పండి."

కోసిన జొన్న మోడు నుంచి వానకు మళ్లీ లేచే పిలకల్లో విషం ఉంటుందని, కడుపు నిండా తిన్న పశువు గంటలోపే చస్తుందని నిలోఫర్ చెప్పింది. పెద్దోడి పొట్ట నిండా అదే ఉంది.

"నాము" అన్నాడు ఓబులేసు. "నాము తగిలిందా నా బిడ్డకు?"

రైతు ఇంట్లో పుట్టినవాడికి ఆ పేరు చెప్పనక్కర్లేదు. యోబు తండ్రి మిడుతూరు దగ్గర ఒక రైతు ఇంట్లో ముప్పై ఏళ్లు ఎద్దులు కాశాడు. వానపడ్డాక మోడు చేలోకి దూడ పోతే యోబు వీపు చిట్లేది.

"తెలియక పెట్టినాడేమో గదా" అని శ్రీకాంత్ నసిగాడు. నిన్నటి జోరు తగ్గింది.

"తెలియక పెట్టేవాడు కాడలు కాడలుగానే పెడతాడు. అప్పుడు హుస్సేన్ వలి చేతికి తగిలిన మొదటి కాడకే పట్టేస్తాడు. ఇది సన్నగా తరిగి ఉంది. గుర్తు పట్టకూడదని తరిగినారు."

యోబు శ్రీకాంత్ ఫోన్‌ను టీవీకి కలిపించాడు. శుక్రవారం, ఎద్దులు నిలువు కాడలు నములుతున్నాయి. శనివారం అంతే. ఆదివారం అంతే. సోమవారం గాడిలో అంగుళం అంగుళం ముక్కలు.

"కొట్టంలో మిషను గురువారం నంద్యాలకు పోయింది. హుస్సేన్ వలి నోటితో తరగలేడు గదా. మరి తరిగిన మేత యాడ నుంచి వచ్చింది?"



"పొద్దుటి నుంచి రాత్రి దాకా మీరు ఆ టీవీనే చూస్తాండారు పెద్దాయనా. నాలుగు రోజులుగా మిషను లేదని మీకు తెలుసు. సోమవారం ముక్కలు కనబడినాయి. అయినా అడగలేదు."

"పచ్చగా కనబడింది" అన్నాడు ఓబులేసు. "టీవీలో పచ్చగానే కనబడింది సారూ."

చేత్తో పట్టి, వాసన చూసి, కొరికి చూసే మనిషి. టీవీలో ఏం పట్టుకుంటాడు, ఏం కొరుకుతాడు? యోబు ఆ మాట పైకి అనలేదు. పగవాడికైనా ఆ క్షణంలో అనడం కష్టం.

సోమవారం ఇక్కడ ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. బసవన్న రోజు. కడిగి బొట్టు పెడతారు. ఈ ఇంట్లో ఇంకో ఆనవాయితీ కూడా ఉందని రోజూ పొలానికి కూలీలను తీసుకెళ్లే ఆటో అతను యోబుకు చెప్పాడు. సోమవారం మొదటి మేత ఇంటి ఇల్లాలి చేతి మీదుగా పోవాలి. పిడికెడు గడ్డి, దాని కట్టుకు పసుపు. ముప్పై ఏళ్లుగా పోతోంది. నిన్న కొట్టానికి ఏమైనా తీసుకెళ్లావా అని యోబు అడిగితే, ఏమీ లేదు సార్, పూజ మేతే అన్నాడు ఆటో అతను. రెండోసారి గుచ్చి అడిగితే, ఈసారి పిడికెడు కాదు, గోతం నిండా ఉందన్నాడు. పూజను మేతలో ఎవరు లెక్కవేస్తారు? ఓబులేసు వేయలేదు. శ్రీకాంత్ వేయలేదు. పోలీసు కూడా వేయకుండా పోయేవాడే.

యోబు కర్చీఫు విప్పాడు. అందులో ఎర్రటి కణుపున్న జొన్న పిలక ముక్క.

"ఇది మీ పెరట్లో మేత చక్రం కత్తి సందులో దొరికింది. చక్రం శుభ్రంగా కడిగినారు, సందు మర్చిపోయినారు. అసలు తప్పు అది కూడా కాదు. కొట్టంలో మిషను లేదని తెలిసినవాళ్లు ఆ మేతను తరిగి పంపరు. తరిగితే అనుమానం వస్తుంది. ఈ ఇంట్లో ఆ సంగతి తెలియని మనిషి ఒక్కరే. ఆ టీవీ ఎప్పుడూ చూడని మనిషి."

"నేనే చేసినా సార్" అన్నాడు హుస్సేన్ వలి. గోడను వదిలి ముందుకొచ్చాడు. "ఆయమ్మకు ఏం తెలీదు."

"హుస్సేనూ, ఊరుకో" అంది ఉమామహేశ్వరమ్మ.

ఆమె లేచి నిలబడింది. టీవీ పెట్టాక మొదటిసారి దాని వైపు తిరిగింది. చిన్నోణ్ణి ఒకసారి చూసి, మొగుడి వైపు చూసి, హుస్సేన్ వలితో అంది.

"ఒకసారి నీ నోరు వీళ్లు మూయించినారు. ఈసారి నువ్వే మూసుకుంటివి. చాలు. నాము తగిలిందని ఏడ్చి ఊరుకుంటారనుకున్నా సారూ. వీణ్ణి కట్టేసి కొడతారనుకోలేదు. రెండు దినాలు నేను నోరు తెరవకపోవడం నా తప్పు. వీడి కాళ్లు పట్టుకోవల్ల నేను."

 

"ఎందుకమ్మా?" అన్నాడు యోబు. తెలుసుకోవాల్సింది అదొక్కటే మిగిలింది.

"ఆయన్నే అడుగు. నా కొడుకు ఎట్ల చచ్చినాడని అడుగు."

ఓబులేసు చెప్పలేదు. ఆమే చెప్పింది. మూడేళ్ల కిందట పొలంలో ప్రాక్టీసు. ఎద్దులను కిరణ్ తోలుతున్నాడు. బండ లాగే గొలుసులో కాలు ఇరుక్కుంది. పిల్లవాడు కేక పెట్టాడు. హుస్సేన్ వలి పగ్గం పట్టుకుని వేలాడాడు. ఎద్దులు ఆగలేదు. ఎవరి మాటకూ ఆగేవి కావు. అన్నం క్యారియర్ పట్టుకుని ఆమె గట్టు మీద నుంచి చూస్తూనే ఉంది.

"నిలబడు అని ఒక్క మాట. ఆ మాట ఈయన నోట్లో తప్ప భూమ్మీద ఇంకెవరి నోట్లో లేదు. ఈయన చేతిలో స్టాప్‌వాచ్ చూస్తాండాడు. రికార్డు దాటుతాందంట. పదకొండు సెకన్లు. తర్వాత నిలబడు అన్నాడు. అప్పటికి బండ వాడి మీద నుంచి పోయింది. ఆసుపత్రిలో ట్రాక్టరు మీద నుంచి పడినాడని రాయించినాడు. హుస్సేనుకు ఖురాన్ మీద ఒట్టు పెట్టించినాడు. మూడో నెలలో అవే ఎద్దులను పోటీకి తోలుకపోయినాడు. కప్పు తెచ్చి నా కొడుకు ఫొటో కింద పెట్టినాడు."

ఆమె మళ్లీ టీవీలోని చిన్నోడి వైపు చూసింది.

"పెద్దోడి మీద నాకు పగ లేదు. నోరు లేని జీవం. ఆ పాపం నాకు తగలనీ, మోస్తా. నేను మేత మాత్రం పంపినా. చంపే మాట ఈయన చెప్పల్ల. తన నోటితో చెప్పి, తన కళ్లతో చూడల్ల. నేను గట్టు మీద నిలబడి చూసినట్టు, దగ్గరికి పోలేక, ఈ మంచం మీద నుంచి చూడల్ల. చూసినాడు."

ఓబులేసు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లో నుంచి వచ్చిన శబ్దం విని డాక్టర్ నిలోఫర్ తల దించుకుంది. శ్రీకాంత్ అంతవరకూ గట్టిగా పట్టుకున్న ఫోన్లు జేబులో పెట్టేసుకున్నాడు.

హుస్సేన్ వలిని యోబు అక్కడికక్కడే వదిలేశాడు. గుంజకు కట్టి కొట్టినందుకు శ్రీకాంత్ మీద కంప్లైంట్ ఇస్తావా అని అడిగాడు. ఇస్తానన్నాడు హుస్సేన్ వలి. శ్రీకాంత్ నోరెళ్లబెట్టాడు.

కాసేపటికి ఓబులేసు తేరుకున్నాడు. కళ్లు తుడుచుకుని యోబును దగ్గరికి పిలిచాడు. కంప్లైంట్ వాపసు తీసుకుంటానన్నాడు. నాము తగిలి చచ్చిందని రాసుకోండి, ఇంటి సంగతి ఇంట్లోనే ఉండనీ, ఆడమనిషిని స్టేషనుకు తీసుకుపోతే పరువేం కావాలి అన్నాడు. ఎద్దు నాది, నష్టం నాది, నాకే కేసు వద్దంటే నీకేంది సారూ అని కూడా అన్నాడు.

"నాకు కావల్ల" అంది ఉమామహేశ్వరమ్మ.

ఆమె కుర్చీ లాక్కుని యోబు ఎదురుగా కూర్చుంది. ఎన్నేళ్లు పడుతుందని అడిగింది. పశువును చంపిన కేసులో ఐదేళ్ల దాకా పడొచ్చని యోబు దాచకుండా చెప్పాడు.

"పడనీ. నా కొడుకు చచ్చినప్పుడు ఈ ఇంట్లో కేసు కాలేదు. ఎద్దు చచ్చిందని అయింది. ఎద్దును ఎందుకు చంపితివని జడ్జి అడుగుతాడు గదా? అడగల్ల. అప్పుడు అందరి ముందూ చెప్తా. ఈ ఇంట్లో అయితే మూడేళ్లుగా వినేవాడు లేడు."

ఆ పదకొండు సెకన్లను చూసినవాడు ఇంకొకడున్నాడని యోబుకు గుర్తుంది. హుస్సేన్ వలి వైపు చూశాడు. అతను తల ఊపాడు. ఒట్టు సంగతి అల్లాకు తను చెప్పుకుంటానన్నాడు.

యోబు తెల్లకాగితం మీద ముందు నిన్నటి తేదీ వేశాడు. దాన్ని కొట్టేసి, మూడేళ్ల కిందటి తేదీ ఎంతో అడిగాడు. ఆమె తడుముకోకుండా చెప్పింది. వారం, టైముతో సహా చెప్పింది. యోబు రాసుకుంటూ పోయాడు.

మంచం మీద నుంచి ఓబులేసు ఆపమన్నాడు. ఇంకోసారి, గట్టిగా, ఆపమన్నాడు.

ఆమె ఆపలేదు.